అతికించిన ముద్ర

వాక్యభాగములు: యిర్మీయా 6:27–30, 2 తిమోతి 2:19–21



మన పితరులు కూలికొరకో, రైలు పనికొరకో, మగ్గముకొరకో, గనికొరకో తెలుగు నేల విడిచివచ్చి తరములు గడచినవి. నేడు మనము కన్నడము, తమిళము, ఒరియా, మరాఠీ మాటలాడువారి మధ్య కాపురముండి, ఆదివారమున మాత్రము తెలుగులో ప్రార్థించుచున్నాము. ఏ ఊరిలోనున్నను మనమందరము ఒకే బల్లయొద్దకు వచ్చువారము. గనుక ఒక ఇంటివారితో మాటలాడినట్లు ఈ కొన్ని సంగతులు మీ యెదుట పెట్టగోరుచున్నాము.

కొంతకాలము క్రిందట మా సంఘములోని ఒక పెద్దతల్లి తన మనుమరాలి పెండ్లికి కొనిన వెండి పళ్లెము మాకు చూపుటకు తెచ్చెను. దానిని బోర్లించి, అడుగున ఉన్న చిన్న గుర్తులను చూపి, "అయ్యగారూ, షాపువాడు ఇది హాల్‌మార్క్ అన్నాడు. అంటే ఏంటండీ?" అని అడిగెను. "ఇది మంచి వెండి అనుటకు గుర్తు, తల్లీ" అంటిమి. ఆమె అంతటితో ఊరకుండలేదు. "మంచిదని ఎవరు చూసి వేస్తారండీ? చేసినవాడే వేసుకుంటాడా?" అనెను. ఆ ప్రశ్నకు మాయొద్ద జవాబు లేకపోయెను. ఇంటికి వచ్చి పుస్తకములు తిరగవేసితిమి. చదివినకొలది ఆ పళ్లెము సంగతి అటుంచి, మన సంగతియే మాకు కనబడసాగెను.

మన దేశములో ప్రభుత్వ ప్రమాణముల సంస్థ బంగారమునకు 2000లోను, వెండికి 2005లోను ఈ ముద్ర వేయించు ఏర్పాటు ప్రారంభించెను. 2021 నుండి బంగారు నగలకు దానిని అంచెలంచెలుగా తప్పనిసరి చేసిరి. అయితే ఆ మాట పుట్టినది లండను పట్టణములో. అచ్చట గోల్డ్‌స్మిత్స్ హాల్ అను భవనమొకటి కలదు. అది కంసాలుల సంఘపు భవనము. ఆ హాలులో వేయబడిన మార్కు గనుక హాల్‌మార్క్ అనిరి.

ఇంగ్లండు రాజైన మొదటి ఎడ్వర్డు 1300వ సంవత్సరములో ఒక శాసనము చేసెను. శోధింపబడి చిరుతపులి తల ముద్ర వేయబడనిదే ఏ వెండి పాత్రయు పనివాని చేతినుండి బయటికి పోకూడదని దాని తాత్పర్యము. వెండి స్టెర్లింగ్ అను ప్రమాణమునకు తగ్గరాదు. అనగా వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి, మిగిలిన 75 పాళ్లు సాధారణముగా రాగి. 1327లో కంసాలుల సంఘమునకు రాజు అధికార పత్రమిచ్చెను. 1363లో ప్రతి పనివాడును తన స్వంత గుర్తు కూడ వేయవలెనని నిర్ణయమాయెను. 1478 నుండి పాత్రలన్నిటిని హాలునకే తెచ్చి శోధింపజేసి, ఏటేట మారు ఒక అక్షరము కూడ వేయుచు వచ్చిరి. 1544లో నడచుచున్న సింహపు గుర్తు చేరెను. మూడువందల ఏండ్ల నాటి ఇంగ్లీషు చెంచాను త్రిప్పి చూచినను నాలుగు సంగతులు తెలియును. ఎవరు చేసిరి? ఎంత మంచి వెండి? ఏ ఊరిలో శోధించిరి? ఏ సంవత్సరమున? ఈ నాలుగు ప్రశ్నలను మన ఆత్మీయ జీవితమునకు వేసికొందము.

1. ఎవరు చేసిరి?

వెండి పాత్ర ఎట్లు తయారగునో చూడుడి. పనివాడు వెండి రేకును గుండ్రముగా కత్తిరించి, ఇనుప దాకలిమీద పెట్టి, సుత్తెతో అంచులంచులుగా కొట్టుచు చదునైన దానిని లోతైనదిగా లేపును. కొట్టినకొలది వెండి బిరుసెక్కును. ఇంకను కొట్టినయెడల పగులును. అందుచేత అతడు దానిని మధ్యమధ్య ఎర్రబారువరకు కాల్చి చల్లార్చును. అప్పుడది మెత్తబడి మరల దెబ్బకు లొంగును. ఒక్క కాఫీ కూజా లేచుటకు ఈ కాల్చుటయు కొట్టుటయు అనేకమారులు జరుగవలెను. చివరకు అద్దమువలె నునుపైన సుత్తెతో మెల్లమెల్లగా తట్టి, మొదటి దెబ్బల గుంటలను సరిచేయును. పూవులు తీగెలు తేల్చవలెనన్న, పాత్రలో కీలు పోసి గట్టిపరచి, చిన్న ఉలులతో బయటినుండి తట్టును.

ప్రియులారా, అగ్ని పాత్రకు శత్రువు కాదు. అగ్ని లేకుండ సుత్తె మాత్రమే పడియుండినయెడల ఆ పాత్ర పగిలియుండును. మన ఇండ్లలో వచ్చిన శ్రమలలో ఎన్ని మనలను పగులగొట్టుటకు కాక మెత్తపరచుటకు వచ్చెనో వెనుదిరిగి చూచుకొనుడి.

పనివాని గుర్తును గూర్చి ఇంకొక మాట. లండనులో హెస్టర్ బేట్‌మన్ అను స్త్రీ యుండెను. ఆమె భర్త 1760లో చనిపోయెను. ఏబది యేండ్లు దాటిన ఆ విధవరాలు భర్త పనిముట్లు చేతబట్టి, 1761లో గోల్డ్‌స్మిత్స్ హాలుకు పోయి తన పేరిట గుర్తు నమోదు చేయించుకొనెను. ఆమెకు వ్రాయుట రాదు. తొలి యేండ్లలో ఆమె ఎక్కువగా ఇతర వ్యాపారులకొరకు పనిచేసెను. ఆమె గుర్తుమీద వారు తమ గుర్తులు కొట్టుకొన్నవి కూడ కలవు. అయినను ఆమె మానలేదు. 1790లో విశ్రాంతి తీసికొనునాటికి ఆమె కుటుంబపు పని లండను అంతట పేరు పొందియుండెను. శోధించువారు ఆమె చదువును అడుగలేదు, వెండిని అడిగిరి. ఆమె కర్మాగారమున్న బన్‌హిల్ వీధి ప్రక్కనే ఉన్న సమాధులతోటలో 'యాత్రికుని ప్రయాణము' వ్రాసిన జాన్ బన్యన్ 1688లో పాతిపెట్టబడెను. ఆయనయు గిన్నెలకు మాట్లు వేసి బ్రదికినవాడే. వేలిముద్ర వేయు మన తల్లులు ఎందరు తమ కన్నీటి ప్రార్థనచేత మన సంఘములను నిలిపిరో! పేరు పైకి రాకపోవచ్చును. చేసిన చేయి ఎవరిదో ప్రభువునకు తెలియును. తనవారెవరో ఆయన ఎరుగునని పౌలు తిమోతికి వ్రాసిన ముద్ర ఇదియే.

2. ఎంత మంచి వెండి?

ఆ దినములలో వెండిని ఇట్లు శోధించుచుండిరి. పాత్రనుండి కొంచెము గీకి, ఆ గీకుడును మిక్కిలి సూక్ష్మముగా తూచుదురు. దానిని సీసపు రేకులో చుట్టి, ఎముకల బూడిదతో చేసిన చిన్న మూకుడులో పెట్టి కొలిమిలో ఉంచుదురు. సీసము కరగి, రాగి మొదలైన కల్తీని తనతోకూడ తీసికొని ఆ బూడిదలోనికి ఇంకిపోవును. చివరి క్షణమున పైనున్న మసక పొర తొలగి, వెండి పూస తళుక్కున మెరయును. ఆ పూసను మరల తూచుదురు. తగ్గిన బరువే కల్తీ. ఇక వాదముండదు.

యిర్మీయా ప్రవక్తకు ఈ పని తెలిసియుండెను. ఆరవ అధ్యాయపు చివర చదువుడి. కొలిమితిత్తి బలముగా ఊదెను, సీసము కాలిపోయెను, కాని చెడుగు వేరుపడలేదు. పని వ్యర్థమాయెను. గనుక వారు పనికిరాని వెండి అనిపించుకొనిరి. అగ్నిలోనికి పోవుట చాలదు. అగ్నిలో ఏమి వదలిపెట్టితిమన్నదే ప్రశ్న. ఎన్ని శ్రమలు పడితిమో చెప్పుకొనుట మనకు అలవాటు. ఆ శ్రమలలో మన కోపమును, పగను, ధనాపేక్షను వదలితిమా?

ఇంకొక సంగతి గమనించుడి. పాత్రలను హాలునకు తెచ్చునది తుది మెరుగు పెట్టిన తరువాత కాదు, మెరుగు పెట్టకమునుపే. గీకినచోటను ముద్ర కొట్టినచోటను కలుగు గాయములను తరువాత సరిచేయుదురు. ముందు శోధన, తరువాత మెరుగు. మనమో ముందు మెరుగు పెట్టుకొని, శోధనను ఎప్పటికప్పుడు వాయిదా వేయుచున్నాము.

ప్రమాణములో 75 పాళ్ల రాగి ఉన్నదని చెప్పితిమి గదా. స్వచ్ఛమైన వెండి మిక్కిలి మెత్తన. నిత్యము వాడు పాత్రకు అది నిలువదు. గనుక చట్టము రాగిని ఒప్పుకొనెను. అంతకు మించిన రాగిని దాచి వెండియని అమ్ముటనే శిక్షించెను. మన సంఘములలో కొన్నింటియందు ప్రభురాత్రి భోజనపు పాత్రల అడుగున ఇ.పి.ఎన్.ఎస్. అను అక్షరములు చూచియుందురు. 1840లో బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎల్కింగ్టన్ కుటుంబము పేటెంటు పొందిన పద్ధతి ప్రకారము, లోపల రాగి, జింకు, నికెలు కలిసిన లోహముండగా పైన పలుచగా వెండి పూత పూయుదురు. ఆ పాత్ర తాను పూతదానినని అడుగుననే ఒప్పుకొనుచున్నది. దానిని బల్లమీద పెట్టుటకు మనకు సిగ్గులేదు. పూత పూసికొని, గట్టి వెండినని చెప్పుకొను మనుష్యుని గూర్చియే సిగ్గుపడవలెను.

3. ఏ ఊరిలో శోధించిరి?

ఈ ప్రశ్న మనవంటి వలసవచ్చినవారికి ముఖ్యము. బర్మింగ్‌హామ్ పట్టణపు పనివారు తమ వెండిని ముద్రకొరకు 70 మైళ్లకు పైగా దూరమున్న చెస్టరునకు పంపవలసివచ్చెడిది. దారిలో పాత్రలు సొట్టలు పడెడివి, పని ఆలస్యమయ్యెడిది. మాథ్యూ బౌల్టన్ అను పారిశ్రామికుడు పార్లమెంటుయెదుట పోరాడగా, 1773లో బర్మింగ్‌హామ్‌కును షెఫీల్డ్‌కును స్వంత శోధనశాలలు వచ్చినవి. బర్మింగ్‌హామ్ గుర్తు లంగరు. సముద్రమునకు ఎంతో దూరమున్న ఊరికి లంగరేమి అని అడిగినయెడల, రెండు ఊళ్లవారు ఏ సత్రములో కూడుకొని మాటలాడుకొనిరో ఆ సత్రము పేరులోని కిరీటమును లంగరును చెరియొకటి తీసికొనిరని చెప్పుదురు.

ఊరి గుర్తు చెప్పునదేమి? వెండి ఏ గనిలో పుట్టెనో చెప్పదు. అది ఎచ్చట శోధింపబడెనో చెప్పును. ప్రియులారా, మనము ఎవరినైనను చూడగానే "మీ స్వగ్రామమేది? మీ తాతగారు ఎవరిచేత బాప్తిస్మము పొందిరి?" అని అడుగుదుము. అది తప్పు కాదు. కాని ప్రభువు మనలను ఎన్నడో విడిచివచ్చిన ఆ గ్రామములో శోధించుటలేదు. ఇప్పుడున్న ఈ ఊరిలో, ఈ వీధిలో, మన భాష రాని ఈ పొరుగువారి యెదుట శోధించుచున్నాడు. మన ప్రక్కింటివారికి మన పాటలు అర్థము కావు. మన తూకము, మన మాట, మన తగవులు మాత్రము వారికి బాగుగా అర్థమగును. ఈ ఊరి గుర్తు మనమీద పడినదా? సముద్రము లేని ఊరికి లంగరు దొరికెను. స్వంత నేల లేని మనకును లంగరు కలదని హెబ్రీ పత్రిక ఆరవ అధ్యాయము చెప్పుచున్నది.

4. ఏ సంవత్సరమున?

ఏటేట మారు అక్షరము కొనువారికి వయస్సు తెలియుటకే పెట్టబడెనని మేమనుకొంటిమి. చదివిన తరువాత ఆశ్చర్యపడితిమి. తక్కువ వెండికి ముద్ర పడినట్లు తరువాత బయటపడినయెడల, ఆ సంవత్సరము శోధించిన అధికారి ఎవరో తెలియుటకు ఆ అక్షరము పెట్టిరి. అనగా ముద్ర చేసినవానినే కాదు, ముద్ర వేసినవానిని కూడ పట్టించును. ఆ పళ్లెము తెచ్చిన తల్లి ప్రశ్నకు జవాబు ఇదియే. చేసినవాడే తన వెండి మంచిదని ముద్ర వేసికొనడు. వేరొకడు చూచి వేయును. చూచినవాడు జవాబుదారి.

ఇక మేము ఈ సంగతులు వ్రాయుటకు అసలు కారణము చెప్పవలెను.

1720లో ఇంగ్లండు ప్రభుత్వము వెండి పాత్రలమీద ఔన్సుకు ఆరు పెన్నీల సుంకము విధించెను. పెద్ద పాత్రకు పెద్ద సుంకము. దానిని తప్పించుకొనుటకు కొందరు ఒక ఉపాయము పన్నిరి. చిన్న గిన్నెయో, చిన్న రేకో చేసి హాలునకు తీసికొనిపోయి, కొద్ది సుంకము చెల్లించి ముద్ర వేయించుకొనెడివారు. తరువాత ఆ ముద్రపడిన ముక్కను కోసి, హాలు ముఖము చూడని పెద్ద కూజా అడుగున అతికించెడివారు. ముద్ర నిజమైనదే. సింహము నిజమైనదే. అక్షరము నిజమైనదే. కాని ఆ ముద్ర ఈ పాత్రది కాదు. ఈ పాత్రను ఎవరును గీకి చూడలేదు. 1758లో ఆ సుంకము ఎత్తివేయబడెను గాని ఆ పాత్రలు కొన్ని నేటికిని ఉన్నవి.

అట్టివి చేసినవారిలో సామాన్యులే కాదు, పాల్ డి లామెరీ కూడ ఉండెను. ఈయన 1688లో హాలెండు దేశములో పుట్టి, శిశువుగానే లండనుకు చేరెను. ఫ్రాన్సు రాజు 1685లో ప్రొటెస్టెంటులకున్న ఆరాధన స్వేచ్ఛను తీసివేయగా, విశ్వాసముకొరకు దేశము విడిచిన హ్యూగెనో కుటుంబములలో ఈయనది ఒకటి. మనవలె వలసవచ్చిన ఇంటి బిడ్డ. ఆ కాలపు వెండి పనివారిలో ఈయనకు సాటి లేదందురు. అయినను పెద్ద పాత్రలను హాలుకు తేకుండ అమ్ముచున్నాడని 1710ల దశకములో సంఘము ఈయనను తప్పుపట్టెను. ముద్రలు అతికించిన ఈయన పాత్రలు కూడ కనబడినవి. వెండి పనిలో మోసములను ఆపు చట్టమునకై తరువాత కూర్చొన్న సంఘపు పెద్దలలోను ఈయనయే ఉండెను. 1751లో చనిపోయెను. తండ్రులు విశ్వాసముకొరకు ఇల్లు వాకిలి విడిచిరి. కుమారుడు ఔన్సుకు ఆరు పెన్నీలకొరకు ముద్ర అతికించెను. ఆయనను తీర్పుతీర్చుటకు మేము ఈ మాట వ్రాయలేదు, మమ్మును మేము చూచుకొనుటకు వ్రాయుచున్నాము.

ఎందుకనగా మేమును అట్టి ముద్ర ఒకటి అతికించితిమి.

చాల యేండ్ల క్రిందట మా సంఘములోని ఒక కుటుంబమువారు తమ కుమారునికొరకు యోగ్యతాపత్రిక అడిగిరి. దూరపు పట్టణములోని ఒక తెలుగు సంఘపు బిడ్డతో అతనికి పెండ్లి నిశ్చయమగుచుండెను. ఆ యువకుడు నాలుగేండ్లుగా ఆరాధనకు రాలేదు. అతని తాతగారు మాకు తెలిసిన భక్తుడు, పరిచారకుడు, మా గుడి గోడలకు ఇటుకలు మోసినవాడు. "మీకు తెలియని కుటుంబమా, అయ్యగారూ! రెండు ముక్కలు వ్రాయండి" అనిరి. మేము ఆ తాతగారి ముఖము తలంచుకొని, "ఈ సహోదరుడు మా సంఘమునందు మంచి సాక్ష్యము గలవాడు, ప్రభు బల్లలో పాలుపొందుచున్నాడు" అని వ్రాసి, సంఘపు రబ్బరు స్టాంపు వేసి సంతకము చేసితిమి. స్టాంపు నిజమైనదే. సంతకము నిజమైనదే.

ఏడాది తిరుగకమునుపే ఆ బిడ్డ తాగుడుకును దెబ్బలకును తాళలేక పుట్టింటికి పోయెను. ఆమె తండ్రి రెండు రాత్రులు రైలులో ప్రయాణము చేసి మాయొద్దకు వచ్చెను. కేకలు వేయలేదు. చొక్కా జేబులోనుండి ఆ పత్రిక తీసి మా బల్లమీద పరచెను. మడతలు చిరుగబోవుచుండెను. "అయ్యగారూ, ఇది మీ సంతకమేనా?" అనెను. "మాదే" అంటిమి. "మేం అబ్బాయిని చూసి పిల్లనివ్వలేదండీ. మీ అక్షరాన్ని చూసి ఇచ్చాం" అనెను. క్షమించుమని చేతులు జోడించితిమి. ఆయన మంచినీళ్లు త్రాగి, ఆ సాయంకాలపు బండికే వెళ్లిపోయెను. పత్రిక మాయొద్దనే విడిచిపోయెను. అది నేటికిని మా బైబిలులో ఉన్నది. దానిమీద తేదీ ఉన్నది. ఆ సంవత్సరము శోధింపవలసినవారము మేమే. శోధింపలేదు.

మేమొక్కరమే ఇట్లు చేసితిమని చెప్పగలిగిన బాగుండును. కాని మన సంఘములలో ఈ అలవాటు పెరిగినదని మీకును తెలియును. దూరపు ఊళ్లలో ఉన్నందున ఒకరినొకరము ఎరుగము. సంబంధమునకు, ఉద్యోగమునకు, బదిలీకి కాగితమే ఆధారము. ఆ కాగితము అబద్ధమైనప్పుడు నష్టపడునది ఎవరు? ఎక్కడో ఉన్న ఒక ఆడపిల్ల. మనలను నమ్మిన ఒక చిన్న సంఘము.

అంతకంటె లోతైన సంగతి ఇంకొకటి. మనము బాప్తిస్టులము. తాత విశ్వాసమునుబట్టి మనుమనికి బాప్తిస్మమియ్యము. ఎవడు తానే నమ్మునో వాడే నీళ్లలోనికి దిగవలెనని మన పెద్దలు నిందలు పడి నిలిచిరి. నోటితో ఈ సిద్ధాంతము చెప్పుచు, బ్రదుకులో మాత్రము తాతల విశ్వాసపు ముక్కను కోసి మన అడుగున అతికించుకొనుచున్నాము గదా! "మా తాతగారు మిషను కాలపు క్రైస్తవులు. మా నాన్నగారు సంఘపు పెద్ద." సంతోషమే. మరి మీరు? అబ్రాహాము తమకు తండ్రియని చెప్పుకొనుటచేత తప్పించుకొనజూచినవారిని బాప్తిస్మమిచ్చు యోహాను ఎట్లు గద్దించెనో మత్తయి మూడవ అధ్యాయములో చదువుడి.

అతికించిన ముద్రను ఎట్లు కనిపెట్టుదురో తెలియునా? తెలిసినవారు పాత్రను బోర్లించి, ముద్రచుట్టును నోటితో ఊపిరి ఊదుదురు. ఆ ఆవిరి పట్టినప్పుడు అతుకు గీత కంటికి కనబడును. ఎంత మెరుగు పెట్టినను ఊపిరియెదుట అది దాగదు. ప్రియులారా, పునరుత్థానుడైన ప్రభువు తన శిష్యులమీద ఊదెనని యోహాను వ్రాసెను. ఆయన ఆత్మ మనమీద ఊదినప్పుడు మన అతుకులు బయటపడును. సిగ్గు కలుగును. అయినను ఆ సిగ్గు మేలే.

కాబట్టి మన సంఘములన్నిటియందు కొన్ని సంగతులు చేయుదము. యోగ్యతాపత్రిక గాని బదిలీపత్రిక గాని వ్రాయకమునుపు, ఆ మనుష్యునితో కూర్చుండి మాటలాడుదము. ఎరుగనిదానిని ఎరిగినట్లు వ్రాయవద్దు. రెండు సంవత్సరములుగా రాలేదన్న, రాలేదనియే ప్రేమతో వ్రాయుదము. మేము ఆ దినమునుండి అట్లే చేయుచున్నాము. కొందరు మామీద కోపపడిరి, కొందరు వేరొకచోటికి పోయి పత్రిక తెచ్చుకొనిరి. సంఘపు లెక్కలను వ్రాసినవాడే సరిచూడకుండ, వేరొకరు సరిచూచునట్లు ఏర్పాటు చేయుదము. చేసినవాడే ముద్ర వేసికొనరాదు. మన పిల్లలను "నీ తాత ఎవరు?" అని అడుగుటకు ముందు "నీవు ప్రభువును ఎరుగుదువా?" అని అడిగి, వారు తెలుగులో చెప్పలేకపోయినయెడల వారికి వచ్చిన భాషలోనే చెప్పనిత్తము. ప్రభురాత్రి భోజనమునకు ముందు ఒక నిమిషమైనను మన వెండిని మనమే గీకి చూచుకొందము.

ఎవరైనను ఇది చదివి, "మా ముద్ర అతికించినదే, ఇక మాకు ఆశ లేదు" అనుకొనవద్దు. గోల్డ్‌స్మిత్స్ హాలులో ప్రమాణమునకు తగ్గిన పాత్రను విరుగగొట్టి చేసినవానికి తిరిగి ఇచ్చెడివారు. విరిగినది పాత్రయే గాని వెండి నశింపలేదు. అది మరల మూసలోనికి పోవును, మరల రేకగును, మరల సుత్తెక్రిందికి వచ్చును. మరల హాలునకు పోయి, ఆ సంవత్సరపు అక్షరముతో క్రొత్త ముద్ర పొందును. మన ప్రభువు వెండిని శోధించువానివలె కూర్చుండునని మలాకీ చెప్పెను. పుటము దగ్గర కూర్చున్నవాడు పాత్ర విరిగిన చప్పుడు విని లేచిపోవువాడు కాడు. గొప్ప ఇంటిలో అనేక పాత్రలున్నవనియు, తన్ను పవిత్రపరచుకొనినవాడు యజమానునికి వాడుకైన పాత్రగునని పౌలు తిమోతికి వ్రాసెను. అది విరిగినవారికిని వ్రాయబడిన మాటయే.

ప్రార్థింతము.

పరిశుద్ధుడవైన తండ్రీ, మా పితరులకొరకు నీకు స్తోత్రము. వారి విశ్వాసము మాది కాకపోయినను మాదియని చెప్పుకొనిన మా పాపమును క్షమించుము. ఎరుగకయే మేము వ్రాసిన అక్షరములచేత గాయపడిన బిడ్డలను నీవే ఆదరించుము. మామీద నీ ఆత్మను ఊదుము. మా అతుకులు కనబడనిమ్ము. మమ్మును నీ అగ్నిలో మెత్తపరచి, నీ చేతితో మరల చేసి, మేమున్న ఈ ఊరిలోనే, ఈ సంవత్సరముననే, నీ స్వంత ముద్ర మామీద వేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.